జరగండిగారి గడ్డి లెక్క

ఆయన ఎవరినీ ఉన్నచోట ఉండనివ్వడు. అదీ ఆయన జబ్బు. మనిషి కుదురుగా కూర్చుని కనిపిస్తే చాలు, ఆయనకు అరికాళ్ళు దురద పెడతాయి. "కాస్త జరగండి" అంటాడు. జరిగేదాకా ఊరుకోడు. జరిగాక రెండడుగులు వెనక్కి వేసి, పటం తగిలించినవాడిలా తల ఓ పక్కకి వంచి చూసి, "ఇప్పుడు బాగుంది కదూ" అంటాడు. ఏం బాగుందో ఎవరికీ తెలియదు. అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండేది గానీ, దాన్ని బ్యాంకువాళ్ళు తప్ప ఎవరూ వాడరు. అందరికీ ఆయన జరగండిగారే. పాల లారీ డ్రైవరు రసీదు మీద కూడా అలాగే రాస్తాడు.

ఒకసారి సెలూన్‌లో బెంచీ మీద నలుగురు వంతు కోసం కూర్చుని ఉన్నారు. ఈయన ఐదోవాడుగా వెళ్ళాడు. వెళ్ళి, కిటికీ పక్కనున్నవాణ్ణి గోడ దగ్గరికి, గోడ దగ్గరున్నవాణ్ణి మధ్యకి, మధ్యలో ఉన్న ఇద్దర్నీ చెరో చివరికి జరిపాడు. ఆ సర్దుబాటులో ఎవరి వంతు ఎవరిదో బార్బరుకు అంతుచిక్కలేదు. చివరికి, గొడవ పడనివాడు ఈయన ఒక్కడే కాబట్టి ఈయన్నే ముందు కూర్చోబెట్టాడు. సగం తల అయ్యాక ఈయన లేచి నిలబడి, "ఈ కుర్చీ కాస్త ఇటు జరిపితే నీకు వెలుతురు బాగా తగులుతుందయ్యా" అన్నాడు.

"అది నేలకి బిగించిన కుర్చీ సార్" అన్నాడు బార్బరు.

"ఎందుకు బిగించావు?" అని ఆయన నిజంగానే బాధపడ్డాడు.

సొంత కూతురి పెళ్ళి ఫోటోల్లో ఆయన ఎక్కడా లేడు. ప్రతి ఫోటోలోనూ ఎడమ అంచున ఒక చెయ్యి మాత్రం ఉంటుంది, జనాన్ని పక్కకి జరగమంటూ. అల్లుడు ఆల్బమ్ చూపించినప్పుడల్లా, "ఇదిగో, ఇది మా మామగారు" అని ఆ చేతిని చూపిస్తాడు.

ఇదంతా ఆయన మేనకోడలికి ఎప్పట్నుంచో తెలుసు. పండగలకి మామయ్య పొలానికి వెళ్తే ఏ మంచం ఏ గదిలో ఉంటుందో ఏ రోజుకారోజు వెతుక్కోవలసిందే. భోజనానికి కూర్చున్న చుట్టం చెయ్యి కడుక్కుని వచ్చేలోగా పీట ఇంకో గదికి వెళ్ళిపోయేది. ఇంట్లో ఇరవై ఏళ్ళుగా కదలని వస్తువు ఒక్కటే, పొయ్యి. దాని జోలికి వెళ్ళబోయిన రోజున అత్తయ్య గరిట పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఇది జరిగిందంటే నేనూ జరుగుతాను. మా పుట్టింటికి" అంది. ఆయన ఆ ఒక్క మాటకి మాత్రం తల వంచాడు.

ఈ జబ్బు ఆయనకు ఆవుల దగ్గర పట్టుకుంది.

మొదట్లో ఆయనా అందరిలాగే ఆవుల్ని మేపేవాడు. కంచెలోకి తోలి గేటు వేసెయ్యడం, అంతే. ఆవులు ఏడాది పొడవునా ఆ నేల మీదే తిరిగేవి. తియ్యగా ఉన్న గడ్డిని మొలిచింది మొలిచినట్టే కొరికేసేవి, చేదుగా ఉన్న ముళ్ళకంపని వదిలేసేవి. కొన్నేళ్ళకి తియ్యటి గడ్డి పోయి కంప మిగిలింది. ఇంకొన్నేళ్ళకి కంప కూడా పోయి, నేల గచ్చులా గట్టిపడింది. వాన పడితే నీళ్ళు ఆగేవి కావు. పాల మీద వచ్చిందంతా ఎండుమేత కొనడానికే పోయేది. బయటినుంచి తెప్పించిన గడ్డి విత్తనాలు రెండుసార్లు చల్లాడు. అవి మొలిచాయి, కంగారుపడ్డాయి, చచ్చిపోయాయి.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం రైలు పట్టాల వెంబడి నడుస్తూ ఆగిపోయాడు. పట్టాల కంచెకి ఇవతల తన నేల, బోడిగుండు. అవతల నడుముదాకా గడ్డి. ఎవరూ విత్తింది కాదు, ఎవరూ నీళ్ళు పోసింది కాదు. ఆ నేలలో తాతల నాటినుంచీ ఉన్న గడ్డే. ఆవు నోరు అందకపోవడం వల్ల అక్కడ బతికింది. ఇంకాస్త ముందుకు నడిస్తే మరో వింత కనిపించింది. ఏ నోరూ ఎన్నేళ్ళుగానో అందని మూలన అదే గడ్డి బూడిద రంగుకి తిరిగి, ఎండి, తన మీద తనే కూలబడి, కింద మొలకని ఊపిరాడనివ్వకుండా చేస్తోంది.

ఆయన ఇంటికి పరుగెత్తుకొచ్చి అత్తయ్యతో చెప్పాడు. "తింటూనే ఉన్నా చస్తోందే. అసలు తినకపోయినా చస్తోంది. తినాలి, తిని జరగాలి. మళ్ళీ అది కోలుకున్నాకే రావాలి."

"భోజనం సంగతేనా?" అంది అత్తయ్య.

మర్నాడే పొలాన్ని ముప్పై ఆరు ముక్కలుగా విడగొట్టాడు. సన్నటి కరెంటు తీగ, దాన్ని చుట్టుకోవడానికో చక్రం, నేలలో గుచ్చే ప్లాస్టిక్ ఊచలు, బ్యాటరీకి ఎండలో పెట్టే సోలార్ పలక. ముప్పై ఎనిమిది ఆవులు ఒక ముక్కలో ఒక్క రోజే. సాయంత్రం నాలుగింటికి తీగ జరుగుతుంది, ఆవులు జరుగుతాయి, వాటి వెనకే చక్రాల మీద నీళ్ళ తొట్టి జరుగుతుంది. గడ్డి మోకాలి ఎత్తు దాటితేనే లోపలికి, బెత్తెడుకి రాకముందే బయటికి. మళ్ళీ ఆ ముక్కలో ఆవు కాలు పెట్టాలంటే ముప్పై ఐదు రోజులు ఆగాలి. ఎండాకాలమైతే ఇంకా ఎక్కువ.

చుట్టుపక్కల వాళ్ళు నవ్వని రోజు లేదు. పక్క పొలం ఆసామి కంచె మీద మోచేతులు ఆనించి రోజూ నాలుగింటికి ఈ తమాషా చూసేవాడు. "ఏం బావగారూ, ఆవులకి ఇవాళ బదిలీ ఎక్కడికి? భత్యం కూడా ఇస్తున్నారా?" అనేవాడు. ఆయన పట్టించుకోలేదు. మూడేళ్ళకి గచ్చులాంటి నేల మెత్తబడింది. పేడపురుగులు ఎక్కణ్ణుంచో వచ్చి, పేడని గోలీలు చేసి నేలలోకి దొర్లించుకుపోవడం మొదలుపెట్టాయి. ఆయన ఇంట్లో ఎవరికీ పేర్లు తెలియని పాతగడ్డి రకాలు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. ఎండుమేత కొనడం ఆగింది. పశువుల డాక్టరమ్మ రాకపోకలు తగ్గాయి. పాలు పెద్దగా పెరగలేదు గానీ, వచ్చింది ఇంట్లోనే మిగిలింది. ఆ మిగిలినదాంతోనే కూతురి పెళ్ళి చేశాడు.

అయితే ఆవులతో ఇంత లాభం చూశాక, మనుషుల్ని మాత్రం ఎందుకు వదలాలని ఆయనకి అనిపించినట్టుంది.

మేనకోడలు పట్నంలో దర్జీ. ఓ మెట్ల పక్క చిన్న గది, రెండు మిషన్లు, గోడ నిండా వేలాడే బట్టలు. ఇరవై ఏళ్ళుగా ఒక్కతే నడుపుకొస్తోంది. తల్లితో కలిసి ఆ పై అంతస్తులోనే ఉంటుంది. వానల చివర్లో ఒకరోజు తడి మలుపులో స్కూటరు జారి కుడి తొడ ఎముక విరిగింది. ఎముకలో కడ్డీ వేశారు. రెండు నెలలకి అతుక్కుంది కూడా. ఎముకైతే అతుక్కుంది గానీ మనిషి అతుక్కోలేదు. "ఇక నడవాలి, నడవకపోతే కండ కరిగిపోతుంది, తర్వాత మిషను తొక్కడం కూడా కష్టం" అని డాక్టరు చెప్పాడు. ఆమె మంచం అంచుకి వచ్చి, కాళ్ళు నేలకి ఆనించి, కడ్డీ లోపల కదిలిందనుకుని మళ్ళీ పడుకునేది. బట్టలు ఇచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, కుట్టనివి కుట్టనట్టే పట్టుకుపోయారు.

తల్లికి ఏం చెయ్యాలో పాలుపోలేదు. కారు మాట్లాడి, కూతుర్ని తమ్ముడి పొలానికి తెచ్చింది. "రెండు వారాలు నీ దగ్గర ఉంచుకోరా" అంది. ఆయన మేనకోడల్ని చూశాడు. కారు డ్రైవర్ని చూశాడు. "ముందు ఆ కారు కాస్త జరపవయ్యా" అన్నాడు.

ఆమెకి వెనక గదిలో కిటికీ పక్క కుర్చీ వేశారు. మొదటిరోజు ఆమె గోడకేసి కూర్చుంది. రెండోరోజు ఉదయం ఆయన వచ్చి, "అమ్మాయ్, ఈ కుర్చీ కాళ్ళకింద నేల నలుగుతోంది" అని, ఆమెతో సహా కుర్చీని కిటికీవైపు జానెడు తిప్పాడు.

"సిమెంటు నేల మామయ్యా ఇది" అంది.

"సిమెంటైతే దానికి నలగదా ఏంటి?"

మర్నాడు ఎండ పడుతోందని జరిపాడు. ఆ మర్నాడు ఎండ పడ్డం లేదని జరిపాడు. అలా జరిగి జరిగి కుర్చీ కిటికీ మొహాన పడింది. కిటికీ బయట చూస్తే మామయ్య ఆవులన్నీ అక్కడే ఉన్నాయి, మూతి చాస్తే అందేంత దగ్గర్లో. తెల్లటిదొకటి తల ఎత్తి ఆమెనే చూస్తూ నములుతోంది. ఎంతసేపు చూసినా మాట్లాడమని అడగని మొహం చూసి ఆమెకి చాలా రోజులైంది. ఆ పూటంతా దాన్ని చూస్తూ కూర్చుంది.

సాయంత్రం ఆయన వచ్చి, "అమ్మాయ్, నాకు కళ్ళు సరిగా ఆనడం లేదు. ఆవులు ఎన్నున్నాయో లెక్కపెట్టి చెప్పు" అన్నాడు.

"ముప్పై ఏడు."

"నలభై ఉండాలే."

వంటింట్లోంచి అత్తయ్య, "మనకి నలభై ఎప్పుడున్నాయండీ?" అంది.

"నువ్వు పొయ్యి చూసుకో" అన్నాడాయన. అని, "కిటికీలోంచి సగమే కనిపిస్తాయి. రేపు వసారాలోంచి లెక్కపెడదాం" అని తీర్మానించాడు.

వసారాలోంచి ముప్పై ఎనిమిది వచ్చాయి. ఆయన ఒప్పుకోలేదు, నలభై ఒకటి అన్నాడు. ఆమెకి ఒళ్ళు మండింది. కుర్చీ మెట్ల దాకా జరిపించుకుని, ఒక్కోదాన్నీ వేలితో చూపిస్తూ మళ్ళీ లెక్కపెట్టింది. "చూడు, ముప్పై ఎనిమిది. నువ్వు బళ్ళో ఏం చదివావు మామయ్యా?"

"వాకిట్లోంచి చూస్తే ఇంకో రెండు బయటపడతాయేమో" అన్నాడు.

ఆ విధంగా ఆవుల లెక్క ఏనాడూ తేలలేదు, రెండు వారాలన్న గడువూ ఎవరికీ గుర్తు రాలేదు. కుర్చీ మాత్రం నెలన్నరకి వాకిలి దాటింది. కుర్చీ ఒక చోటు, చేతికర్ర ఒక చోటు. కర్రని కూడా ఆయన ఉన్నచోట ఉంచడు కదా, దాన్ని తెచ్చుకోవడానికి ఆమె గోడ పట్టుకుని నాలుగడుగులు వెయ్యాల్సి వచ్చేది. తిట్టుకుంటూ వేసేది. కోపంలో కడ్డీ సంగతి గుర్తుండేది కాదు. గుర్తొచ్చేసరికి కర్ర చేతికందేది.

ఓసారి డాక్టరమ్మ ఆవులకి సూదులు వెయ్యడానికి వచ్చింది. ఆమెనీ ఆయన మూడుసార్లు జరిపాడు. మూడోసారి డాక్టరమ్మ సిరంజి పైకెత్తి, "ఇంకోసారి జరగమంటే ఈ సూది మీకే" అంది. తర్వాత ఇంటి వెనక ముక్కని చూస్తూ, "ఇదేంటండీ, పోయిన వారం కూడా ఇక్కడే ఉన్నాయిగా ఆవులు?" అని అడిగింది.

ఆయన దగ్గాడు. "అవునా? ఇది కాదులెండి, పక్కది అయ్యుంటుంది."

కుర్చీలో కూర్చున్న మేనకోడలికి ఆ ప్రశ్నేమిటో, ఆ దగ్గేమిటో అప్పటికి అర్థం కాలేదు. ఏ ముక్కలో ఎన్ని రోజులన్నది ఆమెకింకా తెలియదు.

తెలియాల్సివచ్చింది మాత్రం తీగ వల్ల. ఒక సాయంత్రం ఆయన తీగ చక్రాన్ని తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. తీగంతా చిక్కుపడి పిచ్చుక గూడులా ఉంది. ఇరవై ఏళ్ళు దారంతో బతికిన మనిషి ఆ అవతారాన్ని చూసి ఊరుకోగలదా? కొస పట్టుకుని, ఓపిగ్గా విడదీసి, బాబిన్‌కి చుట్టినట్టు నున్నగా చుట్టి ఇచ్చింది. మర్నాడు సాయంత్రానికి మళ్ళీ పిచ్చుక గూడు. మూడోరోజు ఆమె, "నీ చేతికిస్తే ఇంతే. పద, నేనే వచ్చి చుడతాను" అని లేచింది. ఒక చేత కర్ర, ఒక చేత చక్రం. ఊచ నుంచి ఊచకి నడుస్తూ, తీగ చుట్టుకుంటూ వెళ్ళింది. ఆవులు ఆమె పక్కనుంచే కొత్త గడ్డిలోకి దూకుడుగా వెళ్ళి, తలలు దించి, ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయాయి. అన్ని నోళ్ళు ఒకేసారి గడ్డి తెంపుతున్న చప్పుడు మాత్రం వినిపించింది, కత్తెర గుడ్డలోంచి పోతున్నట్టు.

ఆ రోజునుంచీ నాలుగింటికి తీగ ఆమెదే. ఆయన ఊచలు పీకి ముందు గుచ్చుతూ పాఠాలు చెప్పేవాడు. ఏ గడ్డి ఎప్పుడు గింజ కడుతుంది, ఏది వానకి ముందే చిగురిస్తుంది, నేల మీద పిట్ట గుడ్లు పెట్టిన చోట తీగని ఎలా వంపు తిప్పాలి. ఆమె వింటూ, ఆయన చెప్పే లెక్కల్ని కుట్టు కొలతల్లా బుర్రలో పెట్టుకునేది. ఎండాకాలం వచ్చేసరికి కర్ర ఎక్కడ ఉందో ఇద్దరూ మర్చిపోయారు.

ఆ ఎండాకాలం మామూలుది కాదు. పక్క పొలం ఆసామి నేల పగుళ్ళు తీసింది. పద్నాలుగు ఆవులు, పక్కటెముకలు బయటి నుంచే లెక్కపెట్టుకునేలా ఉన్నాయి. ఒకరోజు అతను కంచె దగ్గరికి వచ్చాడు గానీ మోచేతులు ఆనించలేదు.

"బావగారూ, అమ్మేద్దామనుకుంటున్నానండీ. కొనేవాళ్ళు కూడా వీటిని చూసి జాలిపడుతున్నారు."

"అమ్మడం దేనికి? ఇటు తోలుకురా. నావాటితో పాటే తింటాయి" అన్నాడాయన. "కానీ ఒక షరతు. రోజూ నాలుగింటికి తీగ జరపడానికి నువ్వు కూడా రావాలి. నాకు కాదు, మా అమ్మాయికి సాయం."

బదిలీల గురించి తానన్న మాటలు గుర్తొచ్చినా అతను ఒప్పుకున్నాడు. మర్నాడు ఆవులతో సహా వచ్చాడు. నేర్చుకోవడంలో ఆలస్యం చెయ్యలేదు. పది రోజులు తిరక్కుండా, "అమ్మాయ్, ఇది ఇంకా బెత్తెడుకి రాలేదు, రేపటిదాకా ఆగొచ్చేమో" అనేదాకా వచ్చాడు. ఇరవై రోజులకి సెలూన్‌లో పక్కవాణ్ణి, "కాస్త జరుగు" అన్నాడని బార్బరు నెత్తి పట్టుకున్నాడు.

అలా నేర్చుకున్నవాడే ఒక సాయంత్రం ఇంటి వెనక నిలబడి మేనకోడల్ని అడిగాడు. "అన్ని ముక్కల్లోనూ గడ్డి ఇంత ఎత్తున ఆగింది. ఇక్కడ మాత్రం ఎందుకమ్మా పలచబడింది? నీళ్ళు తక్కువా?"

ఆమె చూసింది. నిజమే. ఇంటి వెనక అయిదు ముక్కలు వెలిసిపోయిన గుడ్డలా ఉన్నాయి. నేల పైకి కనిపిస్తోంది. ఆ పలచదనం అక్కడితో ఆగలేదు. ఇంటిని చుట్టి వసారా ముందుకి వచ్చింది. అక్కణ్ణుంచి వాకిలి పక్కగా గేటు దాకా పోయింది. గేటు నుంచి బాట వెంట నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళి, అక్కడ చిక్కటి గడ్డిలో కలిసిపోయింది. మిగతా పొలమంతా నిండుగా ఉంది. ఈ ఒక్క పట్టీ మాత్రం అరిగింది.

బట్ట ఎక్కడ అరిగిందో చూసి, వేసుకున్న మనిషి ఏం చేస్తాడో చెప్పగలిగే దర్జీ ఆమె. కుడి మోచెయ్యి అరిగితే గుమాస్తా. మోకాళ్ళు అరిగితే నేల తుడిచే మనిషి. ఆమె ఆ పట్టీని ఈ చివర నుంచి ఆ చివరకి రెండుసార్లు చూసింది. వెనక గది కిటికీ. వసారా. వాకిలి. గేటు. తను మొదట చక్రం పట్టుకుని నడిచిన బాట. ఏ నెలలో తన కుర్చీ ఎక్కడుందో, ఆ నెలలో ఆవులు దాని ఎదురుగానే మేశాయి. ముప్పై ఐదు రోజులు ఆగాల్సిన ముక్కల్లో అయిదారు రోజులకే మళ్ళీ మేశాయి. కోలుకుంటున్న చిగురుని కోలుకోనివ్వకుండా మేశాయి. కూతురి పెళ్ళి రోజున కూడా, ముహూర్తం నాలుగింటికని తెలిసి, తీగ జరిపి వస్తానని అందర్నీ ఆపిన మనిషి ఆయన. అలాంటి మనిషి తన ముప్పై ఆరు ముక్కల సిద్ధాంతాన్ని నాలుగు నెలలపాటు ఆమె కుర్చీ చుట్టూ వంచాడు.

ఆమె పక్క పొలం ఆసామికి, "నీళ్ళు తక్కువేమో లెండి" అని చెప్పి ఇంట్లోకి వెళ్ళింది.

మామయ్య అలమరని జరపడానికి దాన్ని భుజంతో తోస్తున్నాడు.

"మామయ్యా, ఇంటి వెనక ముక్కల్ని ఎందుకు అన్నిసార్లు మేపావు?"

"ఏ ముక్కలు?"

"కిటికీ ఎదుటివి."

ఆయన అలమరని ఇంకాస్త తోశాడు. "అదా. లెక్క తప్పాను తల్లీ. వయసొచ్చింది కదా."

"పదహారేళ్ళలో ఒక్క రోజు లెక్క తప్పలేదు మీ మామయ్య" అంది అత్తయ్య, గుమ్మంలోంచి. "నేను అడిగితే నాకూ ఇదే చెప్పారు. ఆ రాత్రంతా గడ్డి పాడైపోతోందని పక్క మీద దొర్లారు. పొద్దున్నే లేచి మళ్ళీ అక్కడికే తోలారు."

ఆయన ఇద్దర్నీ చూశాడు. తప్పించుకోవడానికి అలమర తప్ప అడ్డం ఏదీ లేదు. "గడ్డికేం, అది మళ్ళీ వస్తుంది. మొండిది. వేరు కింద ఉంది కదా" అన్నాడు. "నీకు మాత్రం ఆలస్యమైతే కండ కరిగిపోతుందన్నాడు డాక్టరు. నడవమంటే నడవవు. మనుషులు చెప్తే వినేదానివే కాదు. పోనీ ఆవులు పిలిస్తే వస్తావేమోనని..."

ఆమె ఏదో చెప్పబోయింది. ఆయనకి అది ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. "నువ్వా అలమరకి ఆ కొస పట్టుకో" అన్నాడు. ఆమె పట్టుకుంది. ఇద్దరూ దాన్ని గోడ ఇటువైపు నుంచి అటువైపుకి జరిపారు. ఏం బాగుందో ఆమెకి తెలియదు గానీ, బాగుందనే చెప్పింది.

వానలు మొదలయ్యాక ఆమె పట్నం వెళ్ళిపోయింది. వెళ్ళేముందు, కృతజ్ఞతని నోటితో చెప్పనివ్వడని తెలుసు కాబట్టి చొక్కా కుడతానంది. కొలతలివ్వడానికి ఆయన నిలబడితే కదా. వెనక తిరుగుతూ కొలిచింది. కుడి చెయ్యి ఎడమదానికన్నా అంగుళమున్నర పొడుగొచ్చింది. ఆయన దాన్నే వేసుకుని తిరిగాడు. అడిగినవాళ్ళకి, "అది నేను చేయి చాపి జరగమనేప్పుడు సరిగ్గా సరిపోతుంది" అని చెప్పాడు.

దుకాణం తెరిచింది. వెళ్ళిపోయిన గుడ్డలు కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. మిషను కుడికాలితోనే తొక్కుతోంది. ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి పొలానికి వస్తుంది. ఆ పలచబడ్డ పట్టీని తనకి ఒప్పగించమని అడిగి తీసుకుంది. దాని చుట్టూ తనే తీగ కట్టింది. ఆ ఏడు వానాకాలమంతా అందులోకి ఆవు కాదు కదా, మామయ్యని కూడా అడుగు పెట్టనివ్వలేదు. విత్తనం చల్లలేదు, ఎరువు వెయ్యలేదు. మొదటి వానకి ఏమీ రాలేదు. రెండో వానకి నేల మీద పచ్చటి పొర పట్టింది. తర్వాత పాత వేళ్ళ నుంచి గుబురు గుబురుగా లేచింది. వాటి మధ్యన పసుపు పూల తీగె ఒకటి పాకింది. దాన్ని మామయ్యా చూసి ఎరగడు, డాక్టరమ్మా చూసి ఎరగదు. ఎన్నేళ్ళుగా ఆ మట్టిలో పడుకుని ఎదురుచూసిందో.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం ఆమె బస్సు దిగి వచ్చేసరికి ఆవులన్నీ ఆ తీగ దగ్గర మూగి ఉన్నాయి. మెడలు చాచి, లోపలి గడ్డి వాసన పీలుస్తున్నాయి. వాటి ముందు మామయ్య నిలబడి ఉన్నాడు, ఒక చెయ్యి పొడుగు చొక్కాలో. పక్కన, వానలకి తన ఆవుల్ని వెనక్కి తోలుకుపోయినా రావడం మానని ఆసామి, చక్రం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఏమ్మా, ఇవాళ విడవచ్చా?" అని అడిగాడు మామయ్య. ఒకరి అనుమతి అడగడం ఆయనకి అలవాటు లేదు, ఆ మాట కాస్త తడబడుతూ వచ్చింది.

ఆమె సంచీలోంచి టేపు తీసుకుని, సంచీ కింద పెట్టి, తీగ దాటి లోపలికి వెళ్ళింది. మోకాళ్ళ మీద కూర్చుంది. టేపుతో గడ్డిని నాలుగు చోట్ల కొలిచింది. లేచి, మోకాళ్ళ మట్టి దులుపుకుంది.

"ఇంకా మూడంగుళాలు రావాలి. వచ్చే ఆదివారం."

"ఆవులు పొద్దుటి నుంచీ ఎదురుచూస్తున్నాయి తల్లీ."

"చూడనీ."

"ఈ చివర కొంచెం ఎత్తుగానే ఉంది కదా."

"ఆ చివర లేదు."

ఆయన ఆసామిని చూశాడు. ఆసామి, "అమ్మాయి చెప్పింది సరిగ్గానే ఉంది బావగారూ" అని చక్రం కింద పెట్టేశాడు. ఇక చేసేదేం లేక ఆయన ముప్పై ఎనిమిది ఆవుల్నీ వెనక్కి తిప్పాడు. తెల్ల ఆవు కదల్లేదు. ఆయన దాని మెడ మీద చెయ్యి వేసి, మెల్లిగా తోసుకుంటూ, దారి పొడవునా సంజాయిషీ చెప్పుకుంటూ వెళ్ళాడు.

"ఆవిడ ఒప్పుకోలేదే అమ్మా. నన్నేం చెయ్యమంటావు?"